ఒంటబట్టని తిండి

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటగానే వరసగా వచ్చే ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాని హాస్టల్లో ఈదమ్మ వంటమనిషి. పేరుకు వంటమనిషే గాని ఆ వంటింట్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఎసట్లో బియ్యం ఎంత పొయ్యాలో, పప్పు ఎప్పుడు దించాలో, ఏ కూర వండితే పిల్లలు కంచాలు నాకుతారో ఆమెకు కంటిచూపుతోనే తెలిసేది. పరీక్షల రోజుల్లో ఎవరైనా అన్నం ముందు పుస్తకం తెరిచి కూర్చుంటే, పుస్తకం లాగి పక్కన పెట్టి, తిన్నాక చదువుకొమ్మని గదమాయించేది. ఇల్లు విడిచి వచ్చిన కొత్తలో మొహాలు పీక్కుపోయి తిరిగే పిల్లలు దసరా సెలవుల నాటికి నిగనిగలాడుతుంటే చూసి లోలోపల మురిసిపోయేది. తన చేతికింద పడ్డ మనిషి చిక్కిపోడని ఆమె నమ్మకం.

ఆమె పుట్టిందీ మెట్టిందీ చేపలు పట్టే ఇళ్లలోనే. కానీ ఆమె కాపురానికి వచ్చేనాటికి ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో నీళ్ల కంటే తుమ్మచెట్లే ఎక్కువ కనిపించేవి. వానలు పడినా ఎగువ నుంచి నీళ్లు చెరువు దాకా వచ్చేవి కావు. భర్త కాశయ్య కొన్నేళ్లు చూసి చూసి, వల దూలానికి చుట్టేసి క్రషర్లో పనికి కుదిరాడు. హైదరాబాదు చుట్టూ రింగురోడ్డు పడుతున్న రోజులవి. ఊరి చుట్టుపక్కల గుట్టలన్నీ కంకర కోసం కరిగిపోతుండేవి. కాశయ్య రాతికి బెజ్జాలు వేసే కంప్రెషర్ మిషన్ పట్టుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు పిండి చల్లినట్టు తెల్లగా ఉండేవి. బావి దగ్గర నాలుగు చెంబులు గుమ్మరించుకుని, ఒక బీడీ తాగి, అన్నానికి కూర్చునేవాడు.

మాట తక్కువ మనిషి. కూర బాగుందని నోటితో ఏనాడూ అనలేదు. రెండోసారి కంచం ముందుకు జరిపితే బాగుందని అర్థం. ఆ జరపడం కోసమే ఈదమ్మ హాస్టల్లో ఎంత అలిసిపోయినా ఇంట్లో మళ్లీ పొయ్యి రాజేసేది. అలా పదిహేనేళ్లు గడిచాయి. ఇల్లు కట్టుకున్నారు. ఒక్కగానొక్క కూతురు కరుణ డిగ్రీ చదివి, తుక్కుగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరింది. పొద్దున కంపెనీ బస్సెక్కిపోయి చీకటి పడ్డాక వచ్చేది.

కాశయ్యకు దగ్గు మొదలైంది కరోనా సద్దుమణుగుతున్న రోజుల్లో. ముందు అదేనేమోనని అందరూ భయపడ్డారు, కాదని తేలాక ఊపిరి పీల్చుకున్నారు. ఊళ్లో చూసిన డాక్టరు దుమ్ములో పనిచేసే ఒళ్లని, టీబీ కావచ్చని మందులు రాశాడు. వానాకాలమంతా ఆ మందులు మింగాడు. దగ్గు తగ్గలేదు సరికదా, ఒకరోజు చేతిరుమాలు మీద ఎర్రటి చార కనిపించింది. కాశయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని బట్టలు నానబెట్టేటప్పుడు కరుణ చూసింది. ఆ మర్నాడే సెలవు పెట్టి తండ్రిని నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

స్కానింగులు, సూది పరీక్షలు అయ్యాక డాక్టర్ మహేశ్వర్ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో క్యాన్సర్ గడ్డ. ఇంకా చుట్టుపక్కలకు పెద్దగా పాకలేదు. ఆ భాగం కోసి తీసేస్తే మంచిది. ఈ జబ్బుతో తన దగ్గరికి వచ్చే పదిమందిలో ఆపరేషన్‌కు పనికొచ్చేవాళ్లే తక్కువని, కాశయ్య ఆ కొద్దిమందిలో ఉన్నాడని అన్నాడు. ఆరోగ్యశ్రీలో అవుతుందన్నాడు. క్యాన్సర్ అన్న మాట వెనకే కోస్తే పోతుందన్న మాట కూడా రావడంతో ఈదమ్మ ఆ రెండోదాన్నే పట్టుకుంది.

తర్వాత రక్తం రిపోర్టులు వచ్చాయి. డాక్టర్ మొహం కొంచెం మారింది.

రక్తంలో అల్బుమిన్ అని ఒక పదార్థం ఉంటుందని, మనిషి ఒంట్లో పుష్టి ఏపాటిదో అది చెబుతుందని అతను వివరించాడు. రోగంతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకం ఉంటాయి, వాటినీ లెక్కిస్తారు. ఆ రెంటినీ కలిపి ఒక అంకె వేస్తారు. అది నలభై అయిదు దాటి ఉన్నవాళ్లు ఊపిరితిత్తి కోసినా తొందరగా కోలుకుంటారు, ఎక్కువకాలం బతుకుతారు. తక్కువ ఉన్నవాళ్లకు కుట్లు మానవు, చీము పడుతుంది, నిమోనియా వస్తుంది. అన్నీ గట్టెక్కినా తర్వాతి ఏడాది రెండేళ్లు వాళ్లకే గండం. కాశయ్యకు ముప్పై ఏడు వచ్చింది.

"మనిషి పైకి మంచిగనే ఉన్నడు గదా సారు" అంది ఈదమ్మ.

"పైకి కనవడదమ్మా. బరువు ఎంత తగ్గిండో చూసినవా? మూడు వారాలు టైమిస్త. మంచిగ తినిపియ్యి. గుడ్లు, చాపలు, పప్పు, పాలు. అంకె జర పెరిగితే నాక్కూడ ధైర్యముంటది."

ఆ మాటతో ఈదమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. కత్తులూ సూదులూ మిషన్లూ ఆమెకు తెలియని సంగతులు. తినిపించడం తెలుసు. బస్సులో ఇంటికొస్తూ దారి పొడుగునా ఏం వండాలో ఆలోచిస్తూనే ఉంది. బీఎన్ రెడ్డి నగర్ దాటేలోపల వారానికి సరిపడా వంట మనసులోనే తయారైంది. హాస్టల్‌కు ఫోన్ చేసి నెలరోజులు రానని చెప్పేసింది.

పొద్దున లేవగానే పాలల్లో కలిపిన రాగిజావ. కాసేపటికి రెండు ఉడకబెట్టిన గుడ్లు. మధ్యాహ్నం పప్పు, కోడికూర. సాయంత్రం నానబెట్టిన పల్లీలు, బెల్లం. రాత్రికి మేకకాళ్ల రసం. డాక్టర్ రాసిచ్చిన డబ్బాలోని పొడి మూడు పూటలా. మొదటి రోజు కాశయ్య అన్నీ తిన్నాడు. రెండో రోజు సగం తిన్నాడు. మూడో రోజు జావ గ్లాసు చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కడుపుల జాగ లేదే" అన్నాడు.

జాగా లేకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. నిన్న మొన్నటిదాకా రెండోసారి కంచం జరిపిన మనిషి. నోరు చేదుగా ఉందని, ఏది నోట్లో పెట్టుకున్నా తుప్పు రుచి తగులుతోందని అన్నాడు. ఈదమ్మ చింతపండు పులుపు పెంచి చూసింది, ఉప్పు తగ్గించి చూసింది, కారం మానేసి చూసింది. కూర మెత్తగా మెదిపి అన్నంలో కలిపి ముద్దలు చేసి పెట్టింది. గుడ్డులోని తెల్లసొన జావలో కలిపేసి, కనిపించకుండా పైన యాలకుల పొడి చల్లింది. కాశయ్య ఒక గుక్క తాగి ఆగి, ఆమె మొహంలోకి చూశాడు. తెలిసిపోయింది. అయినా ఏమీ అనకుండా కళ్లు మూసుకుని గ్లాసంతా తాగాడు. కాసేపటికి పెరట్లోకి పోయి కక్కుకున్నాడు. ఈదమ్మ నీళ్లచెంబు పట్టుకుని వెనక నిలబడింది. పోసిందంతా మట్టిలో ఇంకిపోతుంటే అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారంలోనే కాశయ్య అక్క అనంతమ్మ తమ్ముణ్ని చూడ్డానికి అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చి అక్కడే ఉండిపోయింది. తల్లి చనిపోయాక కాశయ్యను చంకనేసుకుని పెంచిన మనిషి. నోరు కొంచెం పెద్దదే గాని తమ్ముడంటే ప్రాణం. వచ్చిన పూటే అతని దండచేతులు పట్టి చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, వాకిట్లో కూర్చున్నవాళ్లందరూ వినేటట్టు, ఊరి పిల్లలందరికీ వండి పెట్టి ఇంట్లో మనిషిని ఎండబెట్టిందని అంది. ఆ మాటే ఈదమ్మ కూడా లోలోపల అనుకుంటోంది.

ఒకటి మాత్రం బాగా జరిగింది. వరసగా రెండేళ్లు గట్టి వానలు పడి పెద్దచెరువులోకి నీళ్లొచ్చాయి. ఊళ్లో పడుచువాళ్లు అన్ని నీళ్లను ఆ చెరువులో చూడటం అదే మొదలు. సొసైటీ వాళ్లు పిల్ల చేపలు వదిలితే అవి బలిసి చేతికొచ్చాయి. కాశయ్య చిన్ననాటి దోస్తు బుగ్గయ్య మళ్లీ వల చేతబట్టాడు. కాశయ్యకు రక్తం పట్టాలని డాక్టర్ చెప్పాడని విని, ఒకరోజు పొద్దున్నే బతికున్న కొర్రమట్టను బకెట్లో వేసుకొచ్చాడు. మోచేయంత పొడుగుంది. నీళ్లలో గిరగిరా తిరుగుతోంది.

"మన చెరువుదేరా. ఎన్నేండ్లకు జూస్తున్నవ్?" అన్నాడు బుగ్గయ్య.

కాశయ్య మంచం మీంచి లేచొచ్చి బకెట్ పక్కన గొంతుకూర్చున్నాడు. నీళ్లలో చెయ్యి పెట్టి చేప నడుముకింద పట్టి కొంచెం పైకెత్తి, మళ్లీ వదిలాడు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో నవ్వు కనిపించింది. ఈదమ్మకు అది చాలు. రాయి మీద బూడిద వేసి చేపను రుద్ది, ముక్కలు చేసి, ఎండు మామిడికాయ ముక్కలేసి, తన తల్లి చేసే పద్ధతిలో మట్టికుండలో పులుసు పెట్టింది. వాసన నాలుగిళ్ల దాకా పోయింది. కంచంలో వేడి అన్నం, మధ్యలో తల ముక్క. కాశయ్య కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చుకున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వాసన జూస్తెనే తిప్పుతుంది. తీస్కపో, ఈదమ్మా."

ఈదమ్మకు అంతవరకూ కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. నీళ్లు తోడి, పొయ్యిల ముందు ఉడికి, నీకోసం ఇంత చేస్తుంటే నా మొహం చూసైనా నాలుగు ముద్దలు తినరాదా, బతకాలని లేదా నీకు అని అరిచింది. కరుణ వచ్చి తల్లి భుజం పట్టుకుంది. కాశయ్య తలెత్తలేదు. ఆ ముద్దను నోట్లో పెట్టుకుని, నమలకుండా నీళ్లతో మింగాడు. ఇంకో ముద్ద కలిపాడు. అదీ అలాగే మింగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మూడోది కలపబోయాడు. ఈదమ్మ కంచం లాక్కుంది. లాక్కుని, వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత కాశయ్య ఏది పెట్టినా వద్దనలేదు. మందు మింగినట్టు మింగేవాడు. కక్కొస్తే కాసేపు ఆగి మళ్లీ తినేవాడు. అలా తినేవాణ్ని చూడటం కంటే వద్దన్నవాణ్ని చూడటమే నయమనిపించేది ఈదమ్మకు. అయినా పెట్టడం ఆపలేదు. గడువు దగ్గర పడుతోంది. బరువు ఒక కిలో పెరిగింది. అనంతమ్మ కూడా తమ్ముడి మొహంలో కొంచెం కళ వచ్చిందని ఒప్పుకుంది. ఆసుపత్రికి పోయే రోజు ఈదమ్మ కొత్త చీర కట్టుకుంది.

రక్తం రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. ముప్పై ఎనిమిది.

డాక్టర్ మహేశ్వర్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఇంకో నెల ఆగితే గడ్డ పెరుగుతుందని, అప్పుడు కోసే వీలు కూడా పోవచ్చని అన్నాడు. ఇప్పుడు కోస్తే, కోత సంగతి తను చూసుకోగలడు, కోసిన తర్వాతి సంగతే భయం. రెండు దారులూ చెప్పి, ఆలోచించుకొమ్మన్నాడు. కరుణ తల్లి వైపు చూసింది. ఈదమ్మ ఆ కాగితం వైపే చూస్తోంది. అన్ని గుడ్లు, అన్ని పాలు, అంత కోపం, అన్ని కక్కులు, అంతా కలిపి ఒక్క అంకె పెరిగింది.

అప్పుడు కాశయ్య మాట్లాడాడు.

"ఈ లెక్క తక్కువున్నోళ్లల్ల బతికినోళ్లు ఉన్నరా సారు?"

"ఉన్నరు. తక్కువ మంది. కాని ఉన్నరు."

"గట్లయితే కొయ్యుండ్రి. ఇంట్ల కూసోని ఎన్ని దినాలు మింగాలె?"

ఆ మాటలో విసుగు లేదు. రేపటి పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఈదమ్మకు మాత్రం ఆ చివరి మాట ముల్లులా దిగబడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్ బయటికి వచ్చి, గడ్డ అంచులతో సహా మొత్తం తీసేశామని చెప్పినప్పుడు అనంతమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కరుణ ఏడ్చింది. కాశయ్య ఛాతీ పక్కన గొట్టం పెట్టి దాని కొసను నీళ్లున్న సీసాలో వేలాడదీశారు. అతను ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు లేచేవి. ఆ బుడగలు ఆగిపోతే గొట్టం తీసేస్తామని నర్సు చెప్పింది. ఈదమ్మ రోజంతా వాటినే చూస్తూ కూర్చునేది. మామూలుగా నాలుగైదు రోజుల్లో ఆగిపోవాలట. ఆగలేదు. పక్క మంచాల వాళ్లు ఆపరేషన్ చేయించుకుని, గొట్టాలు తీయించుకుని, ఇంటికి పోయారు. కొత్తవాళ్లు వచ్చారు. కాశయ్య సీసాలో బుడగలు లేస్తూనే ఉన్నాయి. లోపల గాయం మానడానికి ఒంట్లో పట్టు లేదన్నారు. తర్వాత జ్వరం వచ్చింది. నిమోనియా అన్నారు. ఐసీయూ లోపలికి తీసుకుపోయి ఊపిరి అందించే మిషన్ పెట్టారు. రోజుకు ఒకసారి మాత్రమే, అదీ కాసేపే, చూడనిచ్చేవాళ్లు. లోపలికి తిండి తేవద్దన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, అందులో పాల లాంటి ద్రవం వాళ్లే పోశారు.

కాశయ్య బతికి బయటపడ్డాడు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు. ఇంటికి తెచ్చేసరికి మనిషి మంచానికి అతుక్కుపోయినట్టు ఉన్నాడు గాని, ఊపిరి తనంతట తానే తీసుకుంటున్నాడు, మాట్లాడుతున్నాడు. బుగ్గయ్య వచ్చి చెరువు కబుర్లు చెబితే వింటున్నాడు. ఈదమ్మ మళ్లీ పొయ్యి దగ్గర చేరింది.

గడ్డ తీసేసినా, కంటికి కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే చంపడానికి మందు ఎక్కించాలని డాక్టర్ ముందే చెప్పాడు. దానికోసం ఆసుపత్రికి తీసుకుపోతే రక్తం చూసి, ఈ ఒళ్లు ఆ మందును తట్టుకోలేదని వెనక్కి పంపారు. మరో పక్షం ఆగి మళ్లీ పోయారు. అంకె ఇంకా కిందికి దిగింది. మూడోసారి పోయినప్పుడు ముప్పై దగ్గర ఉంది. కాళ్లకు నీరు పట్టింది. రక్తంలో ఆ పదార్థం తగ్గితే ఇలాగే నీరు దిగుతుందని నర్సు చెప్పింది.

కాశయ్యను బయట బల్ల మీద కరుణ పక్కన కూర్చోబెట్టి, ఈదమ్మ ఒక్కతే డాక్టర్ గదిలోకి పోయింది. ఇన్నాళ్లూ అడగాలనుకుని అడగనిది అడిగింది.

"నిజం చెప్పుండ్రి సారు. నేను సరిగ్గ పెట్టలేదా? ఇంకొకలు పెట్టుంటే పెరిగేదా?"

డాక్టర్ మహేశ్వర్ చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. అలిసిపోయినట్టు ఉన్నాడు.

"తప్పు నాదేనమ్మా. తినిపియ్యి అని చెప్పి ఊకున్న. పూర్తిగ చెప్పాల్సుండె." కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "ఈ అంకె నీ వంటకేసిన మార్కులు కాదు. తిండి లేకుంటే తగ్గుతది, అది నిజమే. కాని లోపల ఇసొంటి రోగమున్నప్పుడు ఒళ్లంత సన్నగ కాలుతున్నట్టుంటది. దాంతోని ఆకలి సచ్చిపోతది. తిన్నది గూడ కండకు పోదు. ఆ పదార్థం తయారుచేసే కాలేయం గూడ చేసుడు తగ్గిస్తది. నువ్వు కాదు, ఎవ్వలు పెట్టినా గింతే."

"మరి తినిపియ్యమని ఎందుకన్నరు సారు?"

"కొందరికి పెరుగుతది. ఎవలకు పెరుగుతదో, ఎవలకు పెరగదో ముందుగాల తెల్వదు. అందుకె అందరికి చెప్తం."

"ఇగ ఏం జెయ్యాలె?"

అతను మందుల చీటీ ముందుకు లాక్కున్నాడు. నొప్పి లేకుండా చూసుకోవడానికి మందులు రాస్తానని, బలవంతంగా తినిపించవద్దని, ఏది అడిగితే అది పెట్టమని నెమ్మదిగా చెప్పాడు. ఈదమ్మ లేచి నిలబడింది. నీ తప్పు లేదన్న మాటకు నెత్తి మీది బండ దిగినట్టుండాలి. అలా అనిపించలేదు. ఇన్నాళ్లూ తను సరిగ్గా పెట్టడం లేదనే బాధలో, ఇంకా బాగా పెడితే బతుకుతాడన్న ఆశ కూడా ఉండేది. తప్పు తనదైతే దిద్దుకునే వీలుంటుంది. ఇప్పుడు దిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు. తలుపు దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టుకోబోతే అవి కాళ్లకు దొరకలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు అలవాటు కొద్దీ తెల్లవారుజామునే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పాలు పెట్టబోయి ఆగిపోయింది. ఏం చేయాలో తెలియక పీట మీద కూర్చుంది. ముద్ద పెట్టే పని పోతే అతని దగ్గర తనకేం పనో ఆమెకు తోచలేదు. ఇరవై అయిదేళ్ల కాపురంలో వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటల్లో సగం కంచం దగ్గరివే. కాసేపటికి లేచి పోయి, మంచం పట్టె మీద ఉత్తచేతులతో కూర్చుంది.

కాశయ్య ఆమె చేతుల వైపు చూశాడు. గ్లాసు లేదు, గిన్నె లేదు.

"ఏం తేలేదా?" అన్నాడు.

"తేలే. ఏమన్న గావాల్నా?"

"వద్దు. గిట్ల కూసో జర. నువ్వు గిట్ల కూసోని ఎన్ని దినాలైందో" అన్నాడు.

అక్కడి నుంచి ఈదమ్మ కూర్చోవడం నేర్చుకుంది. అది ఆమెకు తేలిక కాలేదు. కూర్చుంటే చేతులు ఊరుకునేవి కావు. అతని నీరు పట్టిన కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒత్తేది. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడేది కాదు. పూడేదాకా చూసేది. అతను ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పేవాడు. రాయి పేలుతుంటే మొదట్లో చాలా భయపడేవాణ్నని, పెళ్లిచూపుల్లో ఆమెతో కంటే ఆమె తమ్ముడితోనే ఎక్కువ మాట్లాడానని, ఎందుకంటే ఆమె వైపు చూస్తే నోరు పెగల్లేదని. ఒకరోజు ఐసుముక్క కావాలన్నాడు. కరుణ బండి మీద పోయి పుల్ల ఐసు తెచ్చింది. సగం చప్పరించాడు. బాగుందన్నాడు. ఏది తిన్నా బాగుందని అతను నోటితో అనడం అదే మొదలు. అది తను చేసింది కాకపోయినా ఈదమ్మకు ఏమీ అనిపించలేదు.

అనంతమ్మ మాత్రం ఈ కొత్త పద్ధతిని తట్టుకోలేకపోయింది. తిండి మానిపించి చంపుతున్నారని గొడవ చేసింది. ఒక పూట తనే జావ కాచి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పోసింది. గొంతుకు అడ్డం పడి కాశయ్య దగ్గుతూ మెలికలు తిరిగిపోయాడు. ఆమె చెంచా పారేసి, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఈదమ్మ వెనకే పోయి పక్కన కూర్చుంది. డాక్టర్ చెప్పింది చెబుదామనుకుంది. కాలేయం, కాలడం, పదార్థం, అన్నీ నాలుక దాకా వచ్చాయి గాని, చెబితే ఆమెకు కూడా ఏమీ మిగలదనిపించింది. "నువ్వన్న నాలుగు సుక్కలు పోసినవ్ వదినె" అని మాత్రం అంది.

ఆ వానాకాలం పెద్దచెరువు నిండి అలుగు పారింది. ఊరంతా చూడ్డానికి పోయింది. నగరం నుంచి కార్లలో జనం వచ్చి ఫోటోలు దిగారు. కాశయ్యను కూడా ఆటోలో తీసుకుపోదామని బుగ్గయ్య పట్టుబట్టాడు. కాశయ్య వస్తానన్నాడు కూడా. తెల్లారి పోదామనుకున్నారు. తెల్లారేసరికి అతనికి స్పృహ లేదు. పొద్దెక్కే వేళకు, కరుణ అతని చెయ్యి పట్టుకుని ఉండగా, ఊపిరి నిదానించి నిదానించి ఆగిపోయింది. ఆపరేషన్ అయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఈదమ్మ అప్పుడు అతని కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. అతని ప్రాణం పోయిన సంగతి ఆమెకు కరుణ మొహం చూశాకే తెలిసింది.

కర్మలన్నీ అయ్యాక హాస్టల్ వాళ్లు రమ్మన్నారు. పోయింది. వండటం మరిచిపోలేదు, చేతులకు అన్నీ గుర్తున్నాయి. కానీ పిల్లలు ఎంత తింటున్నారో గమనించడం మానేసింది. ఎవరైనా కంచంలో అన్నం వదిలేసి లేచిపోతే ఇదివరకు కేకలేసేది. ఇప్పుడు ఏమీ అనకుండా కంచం తీసేది.

కొన్ని నెలలకు, మధ్యాహ్నం వంట దించి ఊపిరి తీసుకుంటున్న వేళ, ఆమె ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి. ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు ఎలా ఉన్నారో అడిగి తెలుసుకుంటున్నామంది. వాళ్ల రక్తంలో అంకెలకీ, తర్వాత ఎంతకాలం బతికారన్న దానికీ సంబంధం చూస్తున్నారట. ముందు ముందు వచ్చేవాళ్లకు పనికొస్తుందట. కాశయ్య ఉన్నాడా అని అడిగింది.

"లేడు బిడ్డా. పోయిండు."

అమ్మాయి గొంతు తగ్గించి, అయ్యో అంది. ఏ తారీఖని అడిగింది. ఈదమ్మ చెప్పింది. ఎక్కడ పోయాడు, ఇంట్లోనా ఆసుపత్రిలోనా అంది. ఇంట్లోనే అని చెప్పింది. ఆపరేషన్ తర్వాత తిండి ఎలా తినేవాడని అడిగింది. బాగా తినేవాడా, కొంచెం తక్కువా, చాలా తక్కువా, మూడింట్లో ఒకటి చెప్పమంది.

ఈదమ్మకు పులుసు సంగతి, యాలకుల పొడి సంగతి, నమలకుండా మింగిన ముద్దల సంగతి, పుల్ల ఐసు సంగతి ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అవి ఆ మూడింట్లో ఎందులోకి వస్తాయో ఆమెకు తెలియలేదు.

"శాన తక్కువ" అంది.

అమ్మాయి రాసుకుంది. ఇంకేమీ లేదమ్మా, థాంక్స్ అంది. ఫోన్ పెట్టేస్తుందేమోనని ఈదమ్మ గబగబా, ఇంకేమన్నా అడుగుతావా బిడ్డా అంది. లేదని, ఇంకా చాలామందికి చేయాలని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. లైను తెగిపోయాక కూడా ఈదమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. భోజనాల గదిలో పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు.